సద్దిమూటతో నగరానికి వచ్చే కుటుంబం

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి,

పర్యాటకుడు అనే మాట వినగానే విమానం దిగి, పెద్ద హోటల్లో బస చేసి, అద్దె కారులో తిరిగే మనిషి రూపం మనసులో మెదలడం పరిపాటి అయినప్పటికీ, దసరా సెలవుల్లోనో వేసవి సెలవుల్లోనో చార్మినార్ చుట్టూ, గోల్కొండ మెట్ల మీద, జంతు ప్రదర్శనశాల గేటు ముందు కనిపించే జనంలో ఎందరో ఆ కోవకు చెందినవారు కారు. వారు ఆదిలాబాద్, ఖమ్మం జిల్లాల నుంచీ, ఎల్లకు ఆవల కర్నూలు, నంద్యాలల నుంచీ రాత్రి బస్సెక్కి, లేదా రైల్లో జనరల్ పెట్టెలో సర్దుకుని కూర్చుని, తెల్లవారుజామున నగరంలో దిగే చిరుద్యోగులు, కౌలు రైతులు, కుట్టుపని చేసుకునే స్త్రీలు, వారి పిల్లలు. ఒక పగలు, మహా అయితే రెండు పగళ్లు నగరంలో గడిపి మళ్లీ రాత్రి బండికే తిరిగిపోయే ఈ కుటుంబాల గురించినదే ఈ లేఖ.

తక్కువ డబ్బుతో నగరాన్ని తృప్తిగా చూడటం సాధ్యమా అని అడిగితే, హైదరాబాద్ విషయంలో ముందుగా సంతోషంతో చెప్పవలసిన మాట ఒకటి ఉంది: ఈ నగరంలో చూడటానికి అయ్యే ఖర్చు చాలా స్వల్పం. బాధతో చెప్పవలసిన మాట దాని వెంటనే వస్తుంది: ఒక చోటు చూసి మరో చోటికి చేరేలోగా కూర్చోవడానికి, నీళ్లు తాగడానికి, మూట దింపుకోవడానికి, స్నానం చేయడానికి అయ్యే ఖర్చు ఆ కుటుంబం తట్టుకోలేనంత. నగరాన్ని కట్టిన రాజులు, నవాబులు, పండితులు, దాతలు తమ వంతు పని చేసిపోగా, మిగిలి ఉన్నది ఈ మధ్య దూరాన్ని చూసుకునే పని మాత్రమే.

మొదట ఖర్చు స్వల్పమన్న మాటకు లెక్క చూపాలి. చార్మినార్, గోల్కొండ కోట రెండూ భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ, అంటే ప్రాచీన కట్టడాలను కాపాడే కేంద్ర ప్రభుత్వ సంస్థ, అధీనంలో ఉన్నాయి. ఆ సంస్థ వర్గీకరణలో ఇటువంటి కట్టడాలకు భారతీయుల ప్రవేశ రుసుము 25 రూపాయలు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు రుసుమే లేదు. కనుక తల్లి, తండ్రి, బడికి పోయే ఇద్దరు పిల్లలు ఉన్న కుటుంబం, మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో, హిజ్రీ లెక్కలో వెయ్యవ సంవత్సరం నడుస్తుండగా కట్టించిన చార్మినార్ మెట్లెక్కి మొదటి అంతస్తు కమానుల్లోంచి నాలుగు బజార్లను చూడటానికీ, మర్నాడు గోల్కొండ కొండెక్కడానికీ కలిపి నూరు రూపాయలు చాలు. ఊరి తిరునాళ్లలో పిల్లలను రంగులరాట్నం ఎక్కించినా దాదాపు ఆ మాత్రం అవుతుంది.

గోల్కొండను గురించి కొంత వివరంగా చెప్పుకోవడం అవసరం, ఎందుకంటే తెలుగు కుటుంబానికి ఇంత దగ్గరైన కోట నగరంలో మరొకటి లేదు. కాకతీయుల నాటి మట్టికోటగా మొదలై, 1518 నుంచి 1687 వరకు కుతుబ్‌షాహీల చేతిలో రాతికోటగా ఎదిగి, ఔరంగజేబు సేనలు ఎనిమిది నెలలు ముట్టడించిన తరువాత గానీ లొంగని ఈ దుర్గంలో, బాలాహిస్సార్ దర్వాజా కమాను కింద నిలబడి చప్పట్లు చరిస్తే ఆ ధ్వని కొండ కొమ్మున ఉన్న బారాదరిలో, అంటే పన్నెండు ద్వారాల మండపంలో, వినిపిస్తుంది. శత్రువు గానీ అతిథి గానీ గుమ్మం దాటిన క్షణమే పైనున్న కావలివారికి తెలియడానికి చేసిన ఈ ఏర్పాటును ఏ పాఠ్యపుస్తకమూ పిల్లవాడికి అంత బాగా బోధించలేదు. కింద ఒకరు, పైన ఒకరు నిలబడితే చాలు, పైసా ఖర్చు లేని భౌతికశాస్త్ర పాఠం అది. మెట్ల దారిలోనే కంచర్ల గోపన్నను, భద్రాచల ఆలయం కట్టించి రామదాసుగా ప్రసిద్ధుడైన ఆ తహశీల్దారును, చివరి కుతుబ్‌షాహీ సుల్తాను తానీషా కాలంలో బంధించారని చెప్పే చెరసాల ఉంది. ఆ చీకటి గదిలో గోడ మీది బొమ్మలకు చేతులు జోడించి బయటికి వచ్చే అవ్వల ముఖాలను చూసినవారెవరైనా, కోట అంటే గత రాజుల ఆస్తి అన్న అభిప్రాయాన్ని మార్చుకుంటారు. ఆషాఢ మాసంలో హైదరాబాద్ బోనాలు మొదలయ్యేది కూడా ఈ కోటలోని అమ్మవారి దగ్గరే.

అయినా ఈ కుటుంబాలలో చాలా వరకు గోల్కొండ నుంచి రాళ్లు చూసి వెళ్లినట్లే వెళ్తాయి. వివరించే మార్గదర్శిని పెట్టుకోవడానికి వారి దగ్గర డబ్బు ఉండదు. ముఖ్యమైన ప్రతి మలుపు దగ్గరా, పెద్ద అక్షరాలతో, పదేళ్ల పిల్ల బిగ్గరగా చదివి నానమ్మకు వినిపించగలిగేంత సులువైన తెలుగులో కథ చెప్పే పలకలు ఉంటే, ఆ లోటు ఒక్కసారి పెట్టే ఖర్చుతో తీరిపోతుంది. తెలుగువారైన అక్కన్న, మాదన్నలు మంత్రాంగం నడిపిన కోటలో తెలుగు పలక ఉండటం చారిత్రక న్యాయం కూడా.

రుసుము లేని, లేదా నామమాత్రంగానే ఉన్న చోట్లు ఇంకా ఎక్కువ. నాంపల్లి స్టేషన్‌లో దిగిన కుటుంబం నడిచి వెళ్లగల దూరంలోనే పబ్లిక్ గార్డెన్స్ అనే బాగె ఆం, దానిలోనే ఈజిప్టు మమ్మీ, అంటే లేపనాలు పూసి వేల ఏళ్లు భద్రపరచిన మృతదేహం, ఉన్న రాష్ట్ర మ్యూజియం, పక్కనే శాసనసభ భవనం, ఆ పైన నౌబత్ పహాడ్ గుట్ట మీద 1976లో పూర్తయిన తెల్లపాలరాతి బిర్లా మందిరం, గుట్ట దిగితే హుస్సేన్ సాగర్ గట్టు వరసగా తగులుతాయి. టాంక్‌బండ్ మీద నన్నయ, తిక్కన, మొల్ల, వేమన విగ్రహాల ముందు ఆగి, పాఠంలో చదివిన పేరును ఇదుగో ఈయనే అని తల్లికి చూపించే పిల్లలు ప్రతి సెలవుల్లోనూ కనిపిస్తారు. నీటి నడుమ నిలిచిన పద్దెనిమిది మీటర్ల ఏకశిలా బుద్ధుడు 1990లో తరలించే వేళ పడవ ఒరిగి, కార్మికుల ప్రాణాలు పోగా సాగరం అడుగుకు చేరి, 1992లో మళ్లీ లేచి పీఠమెక్కిన కథను గట్టు మీదే చెప్పే ఒక్క పలక ఉన్నా, పడవ టికెట్టు కొనలేని కుటుంబం కూడా ఆ విగ్రహాన్ని తెలిసి చూస్తుంది.

సాలార్ జంగ్ మ్యూజియం సంగతి వేరు. మూడవ సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ జీవితకాలం సేకరించిన వస్తువులతో 1951లో ప్రారంభమై, 1961 నాటి పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు పొందిన ఆ ప్రదర్శనశాలకు రుసుము ఉంది. అయితే బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహం ముందు, రాయి ఇంత పలుచని బట్ట ఎలా అయిందా అని నోరు తెరచి నిలబడే ఒక్క నిమిషానికే ఆ రుసుము గిట్టుబాటు అవుతుంది. గంట గంటకూ ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి పోయే గడియారం ముందు, ఎవరెంత డబ్బున్నవారో తెలియకుండా అందరూ నేల మీద కలిసి కూర్చుంటారు. నగరం ఎలా ఉండాలో చెప్పడానికి అంతకన్నా మంచి దృశ్యం లేదు. ఆదివారం నాడు ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉన్న వేళ కాలిబాటల మీద పరిచే పాత పుస్తకాల సంత కూడా అటువంటిదే. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, హిందీ పుస్తకాలు కుప్పలుగా పోసి బేరానికి ఇచ్చే ఆ సంతలో ఒక పిల్లవాడు తనంతట తాను ఏరుకున్న బొమ్మల పుస్తకం, ఊరికి తీసుకుపోయే జ్ఞాపికల్లో అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచేది. పర్యాటక పటాలలో ఈ సంతకు చోటు ఇవ్వడం అవసరం.

ఇక డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో చూడాలి. తెల్లవారుజామున నాలుగింటికో అయిదింటికో మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో గానీ సికింద్రాబాద్, కాచిగూడ స్టేషన్లలో గానీ దిగిన కుటుంబానికి కావలసినవి మూడే: స్నానానికి నీళ్లు, బట్టలు మార్చుకునే చాటు, మూట దాచుకునే చోటు. ఆ మూడింటి కోసం లాడ్జిలో పూర్తి రోజు అద్దె ఇచ్చి గది తీసుకోవలసి రావడమే ఈ యాత్రలోని అసలు బరువు. రెండు గంటలు వాడుకునే గదికి చెల్లించేది, రెండు రోజుల్లో చూసిన కట్టడాలన్నిటి టికెట్ల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. రైల్వే స్టేషన్లలో విశ్రాంతి గదులు, డార్మిటరీలు, అంటే ఒకే హాలులో వరుస మంచాలు, ఉన్నప్పటికీ అవి ఖరారైన రైలు టికెట్టు ఉన్నవారికి మాత్రమే, అదీ ముందుగా బుక్ చేసుకోవడం తెలిసినవారికే దక్కుతాయి. జనరల్ పెట్టెలో వచ్చిన మనిషికి ఆ దారి మూసుకున్నట్లే.

మూటల సంగతి ఇంకా సూక్ష్మమైనది. క్లోక్‌రూమ్, అంటే ప్రయాణికుల సామాను రుసుము తీసుకుని భద్రపరచే గది, తాళం వేసిన పెట్టెలను మాత్రమే తీసుకోవాలన్నది రైల్వే నియమం. నియమం వెనుక భద్రత అనే సబబైన కారణం ఉన్న మాట నిజమే. కానీ సూట్‌కేసు లేని కుటుంబం తెచ్చుకునేది గోనెసంచి, బట్టల మూట, స్టీలు టిఫిన్ డబ్బా. తాళం పడని సామాను కనుక అది క్లోక్‌రూమ్‌కు చెల్లదు. ఆ మూటను తండ్రి చంకన పెట్టుకునే గోల్కొండ ఎక్కుతాడు, లేదా మూట దగ్గర కావలిగా తల్లి కిందే కూర్చుండిపోతుంది. కోట గుమ్మం దాకా వచ్చి కోట చూడకుండా తిరిగిపోయిన తల్లులు ఎందరున్నారో ఏ లెక్కలోనూ ఎక్కదు. తాళమున్న ఇనుప అరలను, సంచి లోపల పెట్టి తాళంచెవి చేతికిచ్చే పద్ధతిలో, బస్ స్టేషన్లలోనూ చార్మినార్, గోల్కొండల దగ్గరా ఏర్పాటు చేస్తే ఈ చిక్కు విడిపోతుంది. ఈ లేఖలోని విన్నపాలలో ఇది అతి చిన్నదీ, అన్నిటికన్నా అత్యవసరమైనదీ.

నీళ్ల మాట చెప్పక తప్పదు. లీటరు సీసా దాదాపు 20 రూపాయలు. మండే ఏప్రిల్‌లో నలుగురు రోజంతా తిరిగితే ఎన్ని సీసాలు కావాలో ఊహించడం కష్టం కాదు. దానికన్నా బాధాకరం, మరుగుదొడ్డి ఎక్కడ దొరుకుతుందో తెలియక, దొరికినా శుభ్రంగా ఉంటుందన్న నమ్మకం లేక, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు కూడా తాగకుండా తిరిగే స్త్రీల సంగతి. సెలవు అన్న మాటకు అర్థం విశ్రాంతి, ఉల్లాసం అయినప్పుడు, దాహాన్ని ఆపుకుని తిరిగే మనిషికి దక్కినది సెలవు కాదు. చూడదగిన ప్రతి చోటికీ అయిదు నిమిషాల నడక దూరంలో శుభ్రమైన మరుగుదొడ్డి, చల్లని తాగునీరు, అవి ఎటు ఉన్నాయో బాణం గుర్తుతో చూపే బోర్డు ఉండాలన్నదే పర్యాటక శాఖ మొదటి కొలమానం కావాలి.

ఈ కోరికలు కొత్తవి కావు, ఈ నగరానికి అపరిచితాలు అంతకన్నా కావు. సరాయి అనే మాట హైదరాబాద్‌కు బాగా తెలుసు; బాటసారులు, వర్తకులు తమ బండ్లతో, పశువులతో సహా రాత్రి తలదాచుకోవడానికి పాలకులు కట్టించిన విడిది అది, తెలుగు పల్లెల్లోని సత్రానికి నగర రూపం. కుతుబ్‌షాహీ సమాధులకు సమీపంలో షేక్‌పేటలో ఆ కాలపు రెండంతస్తుల సరాయి నేటికీ నిలిచి ఉంది. కార్వాన్ పేట పేరే అక్కడ ఆగిన బిడారులను, అంటే వర్తక సమూహాలను, గుర్తుచేస్తుంది. నాంపల్లి స్టేషన్ ఎదుట నిజాం కాలంలో రైలు ప్రయాణికుల కోసమే సరాయి వెలసింది. వజ్రాలు అమ్మడానికి వచ్చిన వర్తకుడికీ, రైలు దిగిన పేద బాటసారికీ విడిది చూపడం రాజ్యం బాధ్యత అని భావించిన నగరం ఇది. ఆ సంప్రదాయాన్ని తిరిగి నిలబెట్టడానికి మహాభవనాలు అవసరం లేదు. బస్ స్టేషన్ల పక్కన, స్త్రీలకూ పురుషులకూ వేరు వేరుగా స్నానపు గదులు, సంచుల అరలు, పగటిపూట రెండు గంటలు నడుము వాల్చడానికి చాపలు పరచిన హాలు, గంటల లెక్కన స్వల్ప రుసుము ఉంటే చాలు. దానికి సరాయి అన్న పాత పేరే పెడితే నగరం తన మాటను తాను గుర్తుచేసుకున్నట్లు ఉంటుంది.

ప్రయాణం విషయంలో తెలంగాణ చేసిన మేలును ముందుగా ఒప్పుకోవాలి. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం వల్ల రాష్ట్రానికి చెందిన స్త్రీలు, బాలికలు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బు లేకుండా తిరుగుతున్నారు, జిల్లాల నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అలాగే వస్తున్నారు. జీవితంలో మొదటిసారి చార్మినార్ చూసిన స్త్రీలలో ఎందరికో ఆ దారి తెరిచినది ఈ పథకమే. కానీ కుటుంబంలో తండ్రి ఉంటాడు, కొడుకు ఉంటాడు, కర్నూలు నుంచి వచ్చిన మేనత్త ఉంటుంది. నలుగురు కలిసి 300 రూపాయలకు ఇరవై నాలుగు గంటల పాటు సిటీ బస్సుల్లో ఎక్కడికైనా తిరిగే ఎఫ్-24 అనే కుటుంబ టికెట్టును ఆర్టీసీ 2023లో వారాంతాలకూ సెలవు రోజులకూ ప్రవేశపెట్టి, మహాలక్ష్మి రద్దీలో గుర్తింపు కార్డులు పరిశీలించి ఆ టికెట్లు ఇవ్వడానికి కండక్టర్లకు సమయం చాలడం లేదన్న కారణంతో 2024 జనవరి 1 నుంచి ఉపసంహరించింది. కండక్టర్ల కష్టం నిజమైనదే. ఆ పనిని కదిలే బస్సులో కాక బస్ స్టేషన్ కౌంటర్లో, పొద్దున దిగగానే ఒక్కసారి చేయించి, చేతికి ఒక రోజు కార్డు ఇచ్చే ఏర్పాటు ఉంటే కండక్టరు మీద భారం పడదు. ఆ కార్డు మెట్రో రైలులోనూ, కనీస ఛార్జీ అయిదు రూపాయలే అయిన ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లలోనూ చెల్లితే, ఆటో బేరాల్లో పోయే డబ్బు పిల్లల ఐస్‌క్రీముకు మిగులుతుంది.

పండుగ బస్సుల గురించి ఒక ఆలోచన రవాణా శాఖతో కలిసి పరిశీలించదగినది. సంక్రాంతికీ దసరాకూ నగరం నుంచి ఊళ్లకు వెళ్లే ప్రత్యేక బస్సులు కిక్కిరిసి వెళ్లి, ఖాళీగా తిరిగి వస్తాయి. ఆ ఖాళీ ప్రయాణపు ఇంధనం ఖర్చు కోసమే ప్రత్యేక బస్సుల్లో ఒకటిన్నర రెట్ల వరకు ఛార్జీ వసూలు చేసుకునే వెసులుబాటు 2003 నాటి ప్రభుత్వ ఉత్తర్వులో ఉంది. ఖాళీగా వచ్చే ఆ సీట్లలో జిల్లా కుటుంబాలను తగ్గింపు ధరకు నగరానికి తీసుకురావచ్చు. తిరుగు ప్రయాణం రద్దీలో పడుతుందన్న అభ్యంతరం సరైనదే కనుక, రానూ పోనూ కలిపి ఇచ్చే టికెట్టుకు తిరుగు బస్సులో కొన్ని సీట్లు సాధారణ ఛార్జీకే ముందుగా కేటాయించవలసి ఉంటుంది. సంక్రాంతి రోజుల్లో నగరం సగం ఖాళీ అయి రోడ్లు తేలికపడి, నడవడానికి హాయిగా ఉండే ఆ చల్లని వారం, బీద కుటుంబం హైదరాబాద్ చూడటానికి ఏడాదిలోకెల్లా మంచి వారం. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా సాగే నాంపల్లి నుమాయిష్, 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన ఆ పారిశ్రామిక ప్రదర్శన, సరిగ్గా అప్పుడే నడుస్తూ ఉంటుంది.

తిండి గురించి తక్కువ చెప్పినా చాలు. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్ ఎవరికీ బరువు కావు; నగరపాలక సంస్థ 2014లో మొదలుపెట్టిన అయిదు రూపాయల భోజన కేంద్రాలు, ఇప్పుడు ఇందిరా క్యాంటీన్ల పేరుతో ఉన్నవి, ఎక్కడెక్కడ ఉన్నాయో బస్ స్టేషన్‌లో రాసి పెట్టడమే చేయవలసింది. అయితే ఈ కుటుంబాలలో చాలామంది సద్ది, అంటే ప్రయాణానికి ఇంట్లో వండి మూటగట్టుకున్న పులిహోర, దద్దోజనం, రొట్టెలు, వెంట తెచ్చుకుంటారు. దాన్ని విప్పుకుని తినడానికి నీడ, ఒక అరుగు, చేతులు కడుక్కోవడానికి కుళాయి దొరకకపోతే ఆ అన్నం సంచిలోనే పాడై, హోటల్ బిల్లుగా మారుతుంది. స్మారక కట్టడాల లోపలికి తినుబండారాలు అనుమతించకపోవడం సమంజసమే గనుక, వాటి వెలుపల సద్ది తినే అరుగులు కట్టించడం అంతే సమంజసం.

కట్టడాలు కేంద్ర సంస్థవి, బస్సులు రవాణా శాఖవి, జంతు ప్రదర్శనశాల అటవీ శాఖది, కాలిబాటలు, మరుగుదొడ్లు నగరపాలక సంస్థవి అన్న విభజన పరిపాలనకు అవసరమే. కానీ తెల్లవారుజామున బస్సు దిగిన కుటుంబానికి కనిపించేది ఒక్కటే నగరం. శుక్రవారం సాలార్ జంగ్ మూసి ఉంటుందని, సోమవారం జూ ఉండదని, మధ్యాహ్నం బిర్లా మందిరం తలుపులు వేస్తారని తెలియక, పిల్లలను ఎత్తుకుని అంత దూరం వెళ్లి వెనక్కి తిరిగిన వారి బస్సు ఖర్చు, పాడైన పూట, ఏ శాఖ లెక్కలోనూ పడవు. ఈ శాఖలన్నిటినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టగలిగిన అధికారం పర్యాటక శాఖకే ఉంది గనుకనే ఈ విన్నపం తమ ముందుకు వచ్చింది.

రాబోయే నుమాయిష్ మొదలయ్యే నాటికి, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ ఆవరణలో ఒక చిన్న సరాయి గదిని, దాని గోడ మీద ఏ రోజు ఏది తెరచి ఉంటుందో తెలుగులోనూ ఉర్దూలోనూ రాసిన పెద్ద పట్టికను, దాని పక్కన సంచులు పెట్టుకునే తాళపు అరలను ప్రయోగాత్మకంగా ఏర్పాటు చేయించవలసిందిగా కోరడమైనది. మూట అక్కడ భద్రమైతే, ఆ తల్లి కూడా పిల్లలతో పాటు గోల్కొండ కొండ కొమ్ము దాకా ఎక్కి, కింద నిలబడిన భర్త కొట్టే చప్పట్ల కోసం బారాదరిలో చెవి ఒగ్గి కూర్చోగలుగుతుంది.

ఇట్లు,
సెలవులకు నగరం చూడవచ్చే కుటుంబాల పక్షాన